ఇజ్రాయెల్‌కు అమెరికా సాయం: ఆపితే ఏమవుతుంది?

(స్టూడియో చర్చ పాఠం. స్టూడియోలో రిటైర్డ్ కల్నల్ ఒకరు, పశ్చిమాసియాలో పనిచేసిన మాజీ దౌత్యవేత్త ఒకరు, అంతర్జాతీయ సంబంధాల ప్రొఫెసర్ ఒకరు. న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు ఓటరు ఒకరు వీడియోలో కలిశారు. ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోట్ల కొంత కుదించాం.)

యాంకర్: నమస్కారం. ఒబామా హయాంలో, 2016లో, అమెరికా ఇజ్రాయెల్‌తో పదేళ్ళ సైనిక సాయం ఒప్పందం రాసుకుంది. మొత్తం 3,800 కోట్ల డాలర్లు, అంటే ఏడాదికి 380 కోట్లు. 2028తో దాని గడువు తీరిపోతుంది. మళ్ళీ రాసుకోవాలా, అక్కర్లేదా అన్న మాట ఇప్పుడు వాషింగ్టన్‌లో రెండు పార్టీల్లోనూ వినిపిస్తోంది. కల్నల్ గారూ, మీతోనే మొదలుపెడదాం. తన కాళ్ళ మీద తాను నిలబడగలిగిన దేశానికి ఇంత డబ్బు దేనికి?

కల్నల్: ముందు లెక్క సరిచూసుకుందామండీ. నోట్ల కట్టలు విమానంలో వేసి పంపుతున్నట్టు మాట్లాడతారు చాలామంది. 380 కోట్లలో 50 కోట్లు క్షిపణి రక్షణకి. మిగిలిన 330 కోట్లలో చాలావరకు అమెరికా కంపెనీల దగ్గరే ఖర్చు పెట్టాలి. ఒకప్పుడు నాలుగో వంతుకు పైగా సొంత దేశంలో వాడుకునే వెసులుబాటు ఉండేది, అదీ 2028కల్లా పోతుంది. ఎఫ్-35 విమానం తయారయ్యేది టెక్సస్‌లో, ఫోర్ట్‌వర్త్‌లో. జీతాలు ఎవరికి వెళ్తున్నట్టు?

న్యూజెర్సీ అతిథి: జీతాలు వాళ్ళకే అండీ. పన్ను మాత్రం నేను కూడా కడుతున్నాను.

కల్నల్: (నవ్వుతూ) కడుతున్నారు. కానీ 2024లో ఇజ్రాయెల్ రక్షణ ఖర్చు 4,650 కోట్ల డాలర్లని స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ లెక్క. దాని ముందు 380 కోట్లు పన్నెండో వంతు. రేపు ఆపేసినా ఇజ్రాయెల్ కూలిపోదు.

ప్రొఫెసర్: అలాగైతే ఆపేయవచ్చుగా, కల్నల్ గారూ?

కల్నల్: మేడమ్, నేను పూర్తి చెయ్యలేదు.

ప్రొఫెసర్: మీ లెక్కలో ఒకటి తగ్గింది, అది కలిపి మీకే వదిలేస్తాను. 380 కోట్లు మామూలు ఏడాది మాట. 2023 అక్టోబరు తర్వాతి ఒక్క ఏడాదిలో కనీసం 1,790 కోట్ల డాలర్ల సైనిక సాయం వెళ్ళిందని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. ఇక డబ్బు ఇచ్చే పద్ధతి చూడండి. బడ్జెట్ ఆమోదమయ్యాక నెల రోజుల్లో ఏడాది మొత్తం ఒకేసారి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లో ఒక ఖాతాలో పడుతుంది. అక్కడ దానికి వడ్డీ కూడా వస్తుంది. వడ్డించేవాడు మనవాడైతే అంటారే, అదన్నమాట.

యాంకర్: మన దగ్గర స్కాలర్‌షిప్పులు కూడా అంత త్వరగా పడవు! సార్, మీరు చెప్పండి. ఇంత ఇచ్చేవాడికి ‘ఆగు’ అనే హక్కు కూడా ఉండాలి కదా. అమెరికా ఎప్పుడైనా అందా?

మాజీ దౌత్యవేత్త: అంది. అన్నప్పుడల్లా ఎంతో కొంత పనయింది కూడా. 1956లో ఈజిప్టులోని సినాయ్‌ని ఇజ్రాయెల్ ఆక్రమించుకున్నాక వెనక్కి వెళ్ళాల్సిందేనని ఐసెన్‌హోవర్ పట్టుబట్టాడు, ఆంక్షల మాట కూడా ఎత్తాడు. 1957 మార్చికల్లా వెళ్ళారు. 1982లో లెబనాన్ మీద క్లస్టర్ బాంబులు వాడారని రీగన్ వాటి సరఫరా ఆపేశాడు. రీగన్ ఇజ్రాయెల్‌కి శత్రువని ఎవరూ అనలేరు. అన్నిటికన్నా నాకు నచ్చేది 1991 సంగతి. సోవియట్ యూనియన్ నుంచి లక్షల్లో యూదులు వస్తున్నారు, ఇళ్ళు కట్టాలి, 1,000 కోట్ల డాలర్ల అప్పుకి పూచీ ఉండమని ఇజ్రాయెల్ అడిగింది. ఆక్రమిత ప్రాంతాల్లో సెటిల్మెంట్లు, అంటే యూదుల కాలనీలు, ఆపితేనే అన్నాడు పెద్ద బుష్. అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని షమీర్ ఒప్పుకోలేదు. 1992 ఎన్నికల్లో షమీర్ ఓడిపోయి రబీన్ వచ్చాడు, అప్పుడు పూచీ దొరికింది.

కల్నల్: అదే ఏడాది బుష్ కూడా ఓడిపోయాడు సార్. అది కూడా చెప్పండి.

మాజీ దౌత్యవేత్త: ఆయన ఓడింది ఆర్థిక పరిస్థితి బాగోక.

కల్నల్: వాషింగ్టన్‌లో నాయకులు మాత్రం వేరే పాఠం నేర్చుకున్నారు.

న్యూజెర్సీ అతిథి: కల్నల్ గారు చెప్పింది నిజమే. మాకు హడ్సన్ నది అవతల, న్యూయార్క్ శివారుల్లో, జమాల్ బోమన్ అని డెమోక్రాట్ సభ్యుడు ఉండేవాడు. గాజా మీద గట్టిగా మాట్లాడాడు. 2024 ప్రైమరీలో ఆయన్ని ఓడించడానికి ఇజ్రాయెల్ తరఫున లాబీయింగ్ చేసే ఏఐపాక్ సంస్థ అనుబంధ కమిటీ 1.4 కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించింది. ఒక్క నియోజకవర్గంలో, సొంత పార్టీ లోపలి పోటీలో! టీవీ పెడితే అవే యాడ్లు.

కల్నల్: ఆయన మీద నియోజకవర్గంలో వేరే అసంతృప్తులు కూడా ఉన్నాయి.

న్యూజెర్సీ అతిథి: ఉన్నాయి, కాదనను. కానీ పక్క సీట్లలో వాళ్ళంతా చూశారు కదండీ.

యాంకర్: ప్రొఫెసర్ గారూ, ఆపమని చెప్పే చట్టాలు అమెరికా పుస్తకాల్లోనే ఉన్నాయంటారు. అవేం చేస్తున్నాయి?

ప్రొఫెసర్: రెండు చెప్తాను. ఒకటి, సెనేటర్ ప్యాట్రిక్ లేహీ పేరుతో ఉన్న చట్టం. తీవ్రమైన మానవ హక్కుల ఉల్లంఘన చేసిన సైనిక దళానికి అమెరికా సాయం అందకూడదు. 2022 జనవరిలో వెస్ట్ బ్యాంక్‌లో, జిల్జిలియా అనే ఊళ్ళో, 78 ఏళ్ళ ముసలాయన ఒకరు అర్ధరాత్రి ఇంటికి తిరిగొస్తుంటే నెత్సా యెహుదా అనే బెటాలియన్ సైనికులు ఆపారు. చేతులు కట్టేశారు, నోటికి గుడ్డ కట్టారు, చలిలో కట్టుబడి జరుగుతున్న ఒక ఇంటి దగ్గర వదిలేసి వెళ్ళిపోయారు. ఆయన చనిపోయాడు. ఆయన అమెరికా పౌరుడు, దశాబ్దాల పాటు మిల్వాకీలో ఉండి వచ్చినవాడు. సైనికుల మీద క్రిమినల్ కేసు లేదు. రెండున్నరేళ్ళు నానబెట్టి, 2024 ఆగస్టులో, ‘ఇజ్రాయెల్ తగిన దిద్దుబాటు చేసింది, సాయం కొనసాగవచ్చు’ అని అమెరికా విదేశాంగ శాఖ తేల్చింది. సొంత పౌరుడి విషయంలోనే ఇంతైతే...

యాంకర్: రెండోది?

ప్రొఫెసర్: రెండోదే అసలైంది. విదేశీ సాయం చట్టంలో 620ఐ సెక్షన్. అమెరికా పంపే మానవతా సాయాన్ని అడ్డుకునే దేశానికి సైనిక సాయం ఇవ్వకూడదు. 2024 ఫిబ్రవరిలో ఏం జరిగింది? అమెరికా డబ్బుతో కొన్న గోధుమపిండి అష్దోద్ రేవులో ఆగిపోయింది. పదిహేను లక్షల మందికి నెలల తరబడి సరిపోయే పిండి. దాన్ని పంచేది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఉన్రా కాబట్టి వదలనన్నాడు ఇజ్రాయెల్ ఆర్థిక మంత్రి స్మోట్రిచ్. అష్దోద్ నుంచి గాజా ఎంత? రోడ్డు మీద గంట ప్రయాణం కూడా కాదు.

మాజీ దౌత్యవేత్త: అప్పుడే ఆ జెట్టీ కథ.

ప్రొఫెసర్: అవును సార్. బైడెన్ ‘విడిచిపెట్టు’ అని గట్టిగా అనడానికి బదులు మార్చి మొదట్లో విమానాల నుంచి పారాచూట్లతో భోజనం పొట్లాలు వేయించాడు. తర్వాత వారంలో గాజా తీరంలో తేలే జెట్టీ కడతామని కాంగ్రెస్‌లో ప్రకటించాడు. ఖర్చు 23 కోట్ల డాలర్లు. మే నెలలో కట్టారు, సముద్రం పోటుకి విరిగింది, లాక్కెళ్ళి బాగుచేశారు, మళ్ళీ తెచ్చారు. మొత్తం కలిపి పనిచేసింది ఇరవై రోజులో ఏమో. జూలైలో ఎత్తేశారు. తను బాంబులిచ్చే దేశం గేటు తెరవలేదని, అమెరికా సైన్యం సముద్రం వైపు నుంచి దారి వెతుక్కుంది. 620ఐ సెక్షన్ మాత్రం బీరువాలోనే ఉంది.

యాంకర్: నేను అప్పట్లో ఆ జెట్టీ వార్త చదివినప్పుడు దాన్ని సాయమనుకున్నాను. ఇప్పుడు వింటుంటే చేతకానితనానికి కట్టిన రేవులా ఉంది. కల్నల్ గారూ?

కల్నల్: జెట్టీని నేను సమర్థించను. సైనికుడిగా అది చెత్త ప్లాన్. కానీ మేడమ్ చెప్పినదాంట్లో హమాస్ ఎక్కడా లేదు. 2023 అక్టోబరు 7న సుమారు 1,200 మందిని చంపి 251 మందిని ఎత్తుకెళ్ళారు. కింద సొరంగాలు, పైన జనం. ఇక సాయం సంగతి. 2024 ఏప్రిల్‌లో ఒక్క రాత్రి ఇరాన్ నుంచి 300కు పైగా డ్రోన్లు, క్షిపణులు వచ్చాయి. దాదాపు అన్నీ గాల్లోనే ఆపారు. అమెరికా విమానాలు, ఓడలు, అమెరికా డబ్బుతో పెరిగిన క్షిపణి రక్షణ, అన్నీ కలిసి. అవి ఊళ్ళ మీద పడి వందల మంది చచ్చిపోయుంటే ఆ మర్నాడు ఇజ్రాయెల్ ఏం చేసేది? ఆపగలిగారు కాబట్టే చిన్న జవాబుతో సరిపెట్టారు. 1991లో ఇరాక్ నుంచి సద్దాం స్కడ్ క్షిపణులు వేసినప్పుడు కూడా అంతే, అమెరికా వాటిని అడ్డుకునే పేట్రియాట్‌లు పంపి ఇజ్రాయెల్‌ని యుద్ధంలోకి దిగకుండా కూర్చోబెట్టింది. చేతిలో డాలు ఉన్నవాడే ఆగుతాడు సార్, లేనివాడు ముందే కొడతాడు.

మాజీ దౌత్యవేత్త: డాలు గురించి మీతో నాకు పేచీ లేదు. రెండువేల పౌండ్ల బాంబు డాలు కాదు కదా?

కల్నల్: సొరంగం పేల్చాలంటే...

మాజీ దౌత్యవేత్త: గాజా లాంటి కిక్కిరిసిన చోట రెండువేల పౌండ్ల బాంబు ఏం చేస్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు. గాజా దక్షిణాన ఉన్న రఫా మీదికి వెళ్తున్నారని 2024 మేలో బైడెన్ ఆ రకం 1,800 బాంబుల ఓడ ఒకటి ఆపాడు. ఒకే ఒకటి! మిగతా సరఫరా సాగుతూనే ఉంది. 2025 జనవరిలో ట్రంప్ వచ్చీ రాగానే అదీ విడుదల చేశాడు. మధ్యలో 2024 అక్టోబరులో అప్పటి విదేశాంగ మంత్రి బ్లింకెన్, రక్షణ మంత్రి ఆస్టిన్ ఇద్దరూ ఇజ్రాయెల్‌కి ఉత్తరం రాశారు: నెల రోజుల్లో గాజాలోకి రోజుకు కనీసం 350 ట్రక్కులు వెళ్ళాలి అని. గడువు తీరేలోపు అమెరికా ఎన్నికలైపోయాయి. అన్ని ట్రక్కులు వెళ్ళలేదు, అయినా ‘ఉల్లంఘనేమీ కనబడలేదు’ అన్నారు. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను. అవతలివాడు మొదట చదివేది గడువు తేదీ కాదు, రాసినవాడి మొహం.

యాంకర్: ఐక్యరాజ్యసమితిలో వీటోల సంగతి రెండు ముక్కల్లో.

మాజీ దౌత్యవేత్త: గాజా కాల్పుల విరమణ తీర్మానాల మీద 2025 సెప్టెంబరుకి ఆరుసార్లు వీటో. ఆఖరిది 14 మంది ఒకవైపు, అమెరికా ఒక్కటే ఒకవైపు. నన్నడిగితే 380 కోట్ల కన్నా ఈ చెయ్యెత్తడం విలువ ఎక్కువ. ఆయుధం ఇంకెక్కడైనా కొనుక్కోవచ్చు, వీటో కొనుక్కోలేరు. మళ్ళీ అదే ట్రంప్ 2025 అక్టోబరులో కూర్చోబెట్టి కాల్పుల విరమణ ఒప్పించాడు. అంటే చేతిలో బలం లేక కాదు ఇన్నాళ్ళూ.

కల్నల్: హమాస్ బలహీనపడ్డాక ఒప్పించాడు. ఆ తేడా ఉంది.

ప్రొఫెసర్: ఆ తేడాకి గాజా ఆరోగ్య శాఖ లెక్కలో 70 వేలకు పైగా ప్రాణాలు.

(కాసేపు ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

యాంకర్: ఒక్క నిమిషం... ఒక్క నిమిషం. పాలస్తీనియన్లకు కూడా అమెరికా సాయం ఉండేది కదా?

ప్రొఫెసర్: ఉండేది. 1994 నుంచి అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ ద్వారానే 500 కోట్ల డాలర్లకు పైగా రోడ్లకీ నీళ్ళకీ ఆస్పత్రులకీ ఇచ్చారు. 2018లో ట్రంప్ ఉన్రాకి ఆపాడు, 2021లో బైడెన్ తిరిగి ఇచ్చాడు, 2024లో కాంగ్రెసే నిషేధం పెట్టింది. 2025 జూలైకి యూఎస్‌ఎయిడే లేకుండా పోయింది. ఇటు సాయానికి పదేళ్ళ ఒప్పందం, అటు సాయానికి ఎన్నిక ఎన్నికకీ కొత్త జాతకం.

యాంకర్: మనకీ సంబంధం లేని గొడవ కాదిది. నిజామాబాద్, జగిత్యాల నుంచి వెళ్ళి ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళకి కేర్‌గివర్లుగా పనిచేస్తున్నవాళ్ళున్నారు. సైరన్ మోగితే ఇక్కడ ఇళ్ళల్లో టెన్షన్.

ప్రొఫెసర్: హైదరాబాద్‌లో 2018 నుంచి అదానీ, ఇజ్రాయెల్ ఆయుధ కంపెనీ ఎల్బిట్ కలిసి పెట్టిన డ్రోన్ల ఫ్యాక్టరీ కూడా ఉంది. అది కూడా కలపండి.

యాంకర్: కలిపాం. అసలు విషయానికి వద్దాం. పదేళ్ళలో అమెరికా సైనిక సాయాన్ని సున్నాకి తెస్తామని 2026 జనవరిలో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహూయే అన్నాడు. మరి గొడవ తీరిపోయినట్టేనా?

ప్రొఫెసర్: అక్కడే జాగ్రత్తగా ఉండాలి. నేను సాయం ఆపాలనే దాన్ని. కానీ లేహీ చట్టం పట్టేది సాయాన్ని. డబ్బిచ్చి కొనుక్కున్న ఆయుధాన్ని అది అలా పట్టుకోదు. సాయం సున్నా అయి, దాని చోట కొనుగోళ్ళు, ఉమ్మడి తయారీ వచ్చాయనుకోండి, బాంబులు అవే వెళ్తాయి, అడిగే ప్రశ్నలు తగ్గుతాయి. ‘మా డబ్బు ఆగింది’ అని అమెరికా ఓటరు చేతులు దులుపుకుంటాడు. ఆగాల్సింది చెక్కు కాదు, సరుకు.

కల్నల్: ఈ ఒక్క విషయంలో మేడమ్ విశ్లేషణ కరెక్టు. అందుకే నెతన్యాహు ఆ మాట అన్నాడని నా అనుమానం.

యాంకర్: (నవ్వుతూ) ఇద్దరూ ఒప్పుకున్నారు, రికార్డు చేసుకోండి. న్యూజెర్సీ నుంచి, మీ పార్లమెంటులో గాలి ఎటుంది?

న్యూజెర్సీ అతిథి: చెరో వైపండీ. 2025 జూలైలోనే రెండు ఓట్లు పడ్డాయి. ప్రతినిధుల సభలో 50 కోట్ల క్షిపణి రక్షణ డబ్బు కోసేద్దామని రిపబ్లికన్ మార్జొరీ గ్రీన్ సవరణ పెడితే 6 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 422. అదే నెలాఖరులో సెనేట్‌లో సెనేటర్ బెర్నీ శాండర్స్ రైఫిళ్ళ అమ్మకం ఆపుదామంటే ఆయనతో కలిపి డెమోక్రాట్ల పక్షంలో 27 మంది చెయ్యెత్తారు. ఆ పక్షంలో సగానికి పైగా. ఓడిపోయింది, కానీ పదేళ్ళ కింద ఇది ఊహించలేం. డాలు ఉంచండి, కత్తి ఆపండి అంటున్నారన్నమాట. నేనూ అదే అంటాను. మా సభ్యుడికి అలాగే రాశాను కూడా. రాకెట్లని గాల్లోనే ఆపే ఐరన్ డోమ్‌కి ఇవ్వండి, ఆ పెద్ద బాంబులకి నా పన్ను వద్దు అని.

కల్నల్: మంచిదే. కానీ ఐరన్ డోమ్‌కి మీరిస్తే, వాళ్ళు అక్కడ మిగిలిన డబ్బుతో బాంబులు కొనుక్కుంటారు. ఖజానా ఒకటే కదండీ?

న్యూజెర్సీ అతిథి: కొనుక్కోమనండి. అమ్మాలా వద్దా అన్నది మళ్ళీ మా సెనేట్‌కే వస్తుంది కదా?

మాజీ దౌత్యవేత్త: వస్తుంది. అధ్యక్షుడు ఎమర్జెన్సీ అని సంతకం పెడితే ఆ సమీక్ష కూడా దాటేయవచ్చు. 2023 డిసెంబరులో బైడెన్ ప్రభుత్వం ట్యాంకు గుండ్లకి అదే చేసింది.

యాంకర్: సమయం అయిపోయింది. దాని మీదే ఇంకో ఎపిసోడ్ చెయ్యాలి. నలుగురికీ ధన్యవాదాలు. బ్రేక్ తర్వాత వార్తలు.