బాల్ పైథాన్ ఎన్‌క్లోజర్‌కి ప్లై మంచిదా, పీవీసీ మంచిదా, గాజు మంచిదా?

నమస్తే అండీ. బాల్ పైథాన్‌కి ఎన్‌క్లోజర్, అంటే పాము ఉండే పెట్టె, ఇంట్లోనే కట్టుకునేవాళ్ల కోసం ఈ వీడియో. టేబుల్ మీద ఐదు ముక్కలు పెట్టాను చూడండి: కమర్షియల్ ప్లై, మెరైన్ ప్లై, పీవీసీ ఫోమ్ బోర్డు, గాజు, యాక్రిలిక్.

ముందు చట్టం సంగతి. మన కొండచిలువను, నాగుపామును, నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ ఆఫ్రికా పాము, సైటిస్ జాబితాలో, అంటే వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం జాబితాలో ఉంది. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. కాగితాలు లేకుండా అమ్మేవాళ్ల దగ్గర దయచేసి కొనకండి.

ఈ పాముకి ఒక పక్క 31, 32 డిగ్రీల వెచ్చదనం కావాలి, రెండో పక్క 26 దాకా చల్లగా ఉండాలి, గాలిలో తేమ 60 శాతం పైనే ఉండాలి. బోర్డుకి అసలు పరీక్ష ఆ తేమే.

కమర్షియల్ ప్లై, అంటే షాపులో ఎంఆర్ గ్రేడ్ అని ఇచ్చేది, చౌకే. కానీ రోజూ తడి తగిలితే పొరలు విడిపోతాయి, అంచుల్లో బూజు పడుతుంది. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు లాంటి చెక్కపొట్టు బోర్డులు ఇంకా త్వరగా ఉబ్బిపోతాయి. ఇవి వద్దు.

మెరైన్ ప్లై మీద ఐఎస్ 710 (దానికున్న భారతీయ ప్రమాణం) అన్న ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి. నీళ్లకు తట్టుకుంటుంది, స్క్రూ గట్టిగా పడుతుంది, వేడిని బాగా నిలుపుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. పురుగు పట్టకుండా దానికి మందు ఎక్కిస్తారు. పాము రోజంతా ఆ చెక్కకే ఒళ్లు ఆనించి ఉంటుంది కదా, అందుకని లోపలి వైపంతా, ముఖ్యంగా కోసిన అంచులకు, వాటర్ బేస్డ్ పాలీయురెథేన్ వార్నిష్ రెండు మూడు కోట్లు వేయాలి. వాసన పూర్తిగా పోయేదాకా పామును పెట్టకూడదు.

నా ఓటు మాత్రం పీవీసీ బోర్డుకే. మాడ్యులర్ కిచెన్లకు వాడుతున్నారే, అదే. 18 ఎంఎం తీసుకోండి. నీళ్లు పీల్చదు, చెద పట్టదు, కోటింగ్ అవసరం లేదు, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రం. ఇంకో సౌకర్యం కూడా ఉంది. పెద్ద పాముకి కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు పెట్టె కావాలి. ముందు భాగం వదిలేస్తే పైన, కింద, వెనక, రెండు పక్కలు కలిపి 32 చదరపు అడుగులు. అంటే సరిగ్గా ఒక 8 బై 4 షీటు! రంపం కోతకు కొంచెం పోతుంది, లోపలి కొలత ఆ మేరకు తగ్గుతుంది, అంతే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. స్క్రూ ప్లైలో పట్టినంత గట్టిగా పట్టదు, కాబట్టి మూలల్లో అల్యూమినియం ఎల్ యాంగిల్ వేయించండి. ఎక్కువ వేడికి మెత్తబడుతుంది కూడా. సిరామిక్ హీటర్‌ని బోర్డుకి దూరంగా బిగించి, చుట్టూ జాలీ గార్డు పెట్టండి. గార్డు లేకపోతే పాము హీటర్‌కే చుట్టుకుని కాల్చుకుంటుంది. థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే పరికరం, లేకుండా హీటర్ అసలు పెట్టకండి.

పెట్టె మొత్తం గాజుతో కడదామంటారా? ఇదే కొలతలో 5 ఎంఎం గాజైతే దాదాపు 46 కిలోల బరువు. వేడీ నిలవదు. గాజు ముందు తలుపులకు చాలు: ఛానెల్‌లో రెండు జరిగే పలకలు, షోకేస్ లాక్. తాళం తప్పనిసరి, చిన్న సందు దొరికినా ఈ పాము తోసుకుని వెళ్లిపోతుంది. యాక్రిలిక్ తేలికే కానీ వేడికి వంగుతుంది, దాని మీద గీతలు పడతాయి.

సందులకు అక్వేరియం సిలికాన్ వాడండి. బాత్రూమ్ సిలికాన్‌లో బూజు రాకుండా మందు కలిపి ఉండొచ్చు, అది వద్దు. గాలికి, వేడి పక్క పైన ఒకటి, చల్లని పక్క కింద ఒకటి, చిన్న వెంట్లు చాలు. పైన మొత్తం జాలీ పెడితే తేమంతా ఎగిరిపోతుంది.

మన ఎండాకాలంలో పెట్టెని కిటికీ ఎండలో ఉంచొద్దు. థర్మోస్టాట్ హీటర్‌ని ఆపగలదు గానీ చల్లబరచలేదు. కట్టడం అయ్యాక కనీసం ఒక వారం ఖాళీగా నడపండి, రెండు చివర్లా థర్మామీటర్ పెట్టి రాత్రీ పగలూ చూడండి. అంకెలు కుదిరాకే పామును లోపలికి వదలండి.