కంపెనీ పేరు కాదు, మందు పేరు

శ్రోతలకు నమస్కారం.

"ఆ బిళ్ల మావాడికి పడలేదండీ." ఈ మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. కడుపులో మంట పుట్టినా పడలేదనే అంటాం, ఒళ్లంతా దద్దుర్లు లేచినా పడలేదనే అంటాం. పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, ఉన్న పిల్లలకు నెలకు నాలుగైదుసార్లు మాత్ర వేయాల్సి రావచ్చు. అలాంటి ఇంట్లో ఈ ఒక్క మాట సరిపోదు.

పదో తరగతి అమ్మాయిని ఊహించుకోండి. 45 కిలోల బరువు. ట్యూషన్ నుంచి వచ్చేసరికి కణత ఒకపక్క పోటు పెడుతోంది, వికారంగా ఉంది, లైటు చూడలేకపోతోంది. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేశారు. నొప్పి తగ్గింది. గంట తరువాత కళ్ల చుట్టూ దురద మొదలైంది. ఇంకో అరగంటకు రెండు రెప్పలూ ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. ఏదో పురుగు కుట్టిందనుకున్నారు. సెట్రిజిన్ వేస్తే తెల్లారేసరికి వాపు దిగింది. మాత్ర మీద అనుమానంతో అమ్మ ఆ స్ట్రిప్ చెత్తబుట్టలో పడేసి, ఇక ఆ కంపెనీది కొనొద్దంది.

రెండు నెలలకు నెలసరి నొప్పి వచ్చింది. షాపులో మెఫెనమిక్ యాసిడ్ మాత్ర ఇచ్చారు. రంగు వేరు, కంపెనీ వేరు. మళ్లీ రెప్పలు వాచాయి, ఈసారి పెదవులు కూడా. ఇంకోరోజు తలనొప్పి భరించలేక క్లినిక్‌కు వెళ్లారు. "ఏ మందైనా పడదా?" అని అడిగారు అక్కడ. "ఏదో తలనొప్పి బిళ్లండీ, పేరు గుర్తులేదు." ఆ జవాబుతో ఎవరికైనా ఏం తెలుస్తుంది? డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కింది.

ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్. మూడు పేర్లు, ఒకటే పని. నాప్రొక్సెన్, అసిక్లోఫెనాక్, ఆస్పిరిన్ కూడా ఆ కోవలోవే. ఇవన్నీ శరీరంలో కాక్స్-1 అనే ఎంజైమును అడ్డుకుంటాయి. నొప్పి తగ్గడానికి అదొక కారణం. అయితే కొందరిలో ఆ అడ్డు వల్లే ల్యూకోట్రయీన్లనే రసాయనాలు పెరిగి వాపు, దద్దుర్లు, పిల్లికూతలు తెస్తాయి. అందుకే కంపెనీ మార్చినా, మాత్ర మార్చినా ఫలితం ఉండదు. మోతాదును బట్టి కూడా ఉంటుంది: సగం మాత్ర ఏమీ చేయకపోవచ్చు, పూర్తి మాత్ర చేస్తుంది. "పోయినసారి ఏమీ కాలేదుగా" అన్న ధీమా అందుకే పనికిరాదు. పిల్లల్లో, టీనేజర్లలో ఈ రియాక్షన్ చాలాసార్లు కనురెప్పల వాపుగానే బయటపడుతుంది. రెప్పలు వాస్తే అంతకుముందు ఆరేడు గంటల్లో ఏ మాత్ర వేశారో గుర్తుచేసుకోండి.

కలిపి చేసే మాత్రల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్ ఉందని తెలిసినవారికి కూడా, అందులో 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ ఉందని గుర్తుండదు.

ఎలర్జీలా కనిపించి ఎలర్జీ కానివీ ఉన్నాయి. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ చేశాక కొందరు పిల్లలకు మెడ ఒకపక్కకు మెలిదిరుగుతుంది, కళ్లు పైకి నిలిచిపోతాయి, దవడ బిగుసుకుంటుంది. చూస్తే గుండె జారిపోతుంది. కానీ అది కండరాల బిగుతు, విరుగుడు ఇంజెక్షన్‌తో కొద్దిసేపట్లో సర్దుకుంటుంది. అయినా ఆ మందు పేరూ రాసుకోవాల్సిందే. మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే టోపిరమేట్‌తో వేళ్లు తిమ్మిరెక్కడం కూడా ఎలర్జీ కాదు. అయితే రోజువారీ మందు ఏదైనా మొదలుపెట్టిన వారాల్లో జ్వరంతో పాటు నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం మండి బొబ్బలెక్కడం కనిపిస్తే, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ప్రాణం మీదికి వచ్చే ఎలర్జీ. దద్దుర్లకో వాపుకో తోడు ఆయాసం, గొంతు బొంగురు, ఆగని వాంతులు, కళ్లు తిరగడం, వీటిలో ఒక్కటున్నా సెట్రిజిన్ వేసి కూర్చోకండి. దానితో దురద తగ్గుతుంది, ఊపిరి నిలవదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచండి. ఆయాసపడుతుంటే ఆనించి కూర్చోబెట్టండి. నడిపించవద్దు, నిలబెట్టవద్దు. కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటివైపు కండరంలో. కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్క, 0.5 మిల్లీగ్రాముకు మించకుండా. తగ్గకపోతే 5 నిమిషాల తరువాత మళ్లీ ఇస్తారు. పిల్ల మైగ్రేన్ రాకుండా ప్రొప్రనొలాల్ వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. ఆ మందు వాడేవారిలో అడ్రినలిన్ పట్టు తగ్గవచ్చు, గ్లూకగాన్ అనే ఇంకో ఇంజెక్షన్ అవసరపడవచ్చు.

ఇప్పుడు నేను అడిగేది ఒక్క పని. రియాక్షన్ వచ్చినరోజు స్ట్రిప్ పారేయకండి. ఫోటో తీయండి, రెండు వైపులా. కంపెనీ పేరు కాదు, మందు పేరు రాసుకోండి. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది, పక్కనే మిల్లీగ్రాములు ఉంటాయి. కంపెనీ పేరు కాదు, మందు పేరు. ఎన్ని మిల్లీగ్రాములు, వేశాక ఎంతసేపటికి, ఎక్కడ ఏమైంది, ఆరోజు ఇంకేం మందు వేశారు, ఇంతే. ఇది చూస్తే ఎలర్జీ డాక్టరు, నొప్పికి వేరే ఏం వాడవచ్చో ఆలోచిస్తారు. అవసరమైతే ఆసుపత్రిలోనే, అడ్రినలిన్ పక్కన పెట్టుకుని, కొద్దికొద్దిగా మందు ఇచ్చి పరీక్షిస్తారు. ఇంట్లో చిన్న ముక్క కొరికించి చూడటం మాత్రం వద్దు.

ఆ కాగితం బీరువాలో దాస్తే ఉపయోగం లేదు. మడిచి స్కూలు ఐడీ కార్డు వెనక, ప్లాస్టిక్ కవరులో పెట్టండి. ఇంకో కాపీ క్లాసు టీచరుకివ్వండి.