పంటి డాక్టరు కుర్చీ ఎక్కే ముందు

శ్రోతలకు నమస్కారం.

"అన్నం తింటావా, డాక్టరు దగ్గరికి తీసుకుపోయి సూది వేయించమంటావా?" మన తిరుపతి, చిత్తూరు ఇళ్లలో తరచూ వినబడే మాట ఇది. అమ్మ అంటుంది, అవ్వ అంటుంది, పక్కింటివాళ్లూ అంటారు. అన్నవాళ్లు మరు నిమిషంలో మరచిపోతారు. నాలుగేళ్ల బిడ్డ మరచిపోదు. తప్పు చేసినవాళ్లకు శిక్ష వేసే మనిషే డాక్టరు అని ఆ మనసులో ముద్ర పడిపోతుంది. తర్వాత ఎప్పుడో పన్ను పుచ్చి నిజంగానే ఆసుపత్రికి తీసుకెళితే, గడప దగ్గరే ఏడుపు మొదలవుతుంది. "నేనేం తప్పు చేయలేదమ్మా" అని బతిమాలుకునే పిల్లలూ ఉంటారు.

పంటి వైద్యం దగ్గర పసిపిల్లల భయానికి వేర్లు రెండు. ఏం జరగబోతోందో తెలియకపోవడం ఒకటి. జరుగుతున్నదాన్ని ఆపే శక్తి తన చేతిలో లేకపోవడం రెండోది. వెల్లకిలా పడుకోబెట్టి, ముఖం మీదకు లైటు తిప్పి, మాస్కు కట్టుకున్న మనిషి నోట్లో ఏదో పెడుతుంటే పెద్దవాళ్లకే గుండె దడదడలాడుతుంది. బిడ్డకు ముందే తెలిసేలా చేయాలి, కాస్త పట్టు దాని చేతికీ ఇవ్వాలి. ఈ పూట చెప్పుకునే ఉపాయాలన్నీ ఈ రెండింటి కోసమే.

అసలు మొదటిసారి ఎప్పుడు చూపించాలి? మొదటి పన్ను వచ్చాక ఆరు నెలల్లోపు, ఎంత ఆలస్యమైనా ఏడాది నిండేలోగా. మన దగ్గర చాలామంది పిల్లలు మొదటిసారి పంటి డాక్టరును చూసేది ఐదారేళ్లకు, అదీ రాత్రంతా నిద్ర లేకుండా, చెంప వాచిపోయాక. ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు. ఎందుకంటే చీము పట్టిన చోట ఆమ్లగుణం పెరుగుతుంది, అక్కడ మత్తుమందు నరంలోకి సరిగా చొరబడదు. అంటే భయం ఎక్కువగా ఉన్న రోజే మందు తక్కువగా పనిచేస్తుంది. "పాలపళ్లే కదా, ఎట్లాగూ ఊడిపోతాయి" అని ఊరుకోకండి. వెనకున్న పాల దవడ పళ్లు 10, 12 ఏళ్ల దాకా నోట్లో ఉండాల్సినవి. నొప్పి లేనప్పుడు వెళ్లి, పళ్లు లెక్కపెట్టించుకుని, నవ్వుతూ తిరిగొచ్చిన బిడ్డకు ఆ కుర్చీ అంటే అంత బెదురు ఉండదు.

ఇక ఇంట్లో మాటల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే కాబట్టి.

మూడేళ్లలోపు పిల్లలకైతే బయలుదేరే రోజు పొద్దున చెప్పినా చాలు. నాలుగైదేళ్ల వాళ్లకు ఒకటి రెండు రోజుల ముందు చెప్పండి. వారం ముందే చెబితే వారమంతా దిగులే. చెప్పకుండా తీసుకెళ్లడం మాత్రం అస్సలు వద్దు. "జూపార్కుకి పోదాం రా" అని ఆటో ఎక్కించి క్లినిక్ ముందు దింపితే, బిడ్డకు డాక్టరు మీదకంటే ముందు మీ మీద నమ్మకం పోతుంది. లోపల మీరు చేయి పట్టుకుని ధైర్యం చెప్పినా అది పనిచేయదు.

"ఏం నొప్పి పుట్టదులే", "సూది వేయరులే", "భయపడొద్దు". ప్రేమతో అనే ఈ మూడు మాటలూ చెడే చేస్తాయి. నొప్పి, సూది, భయం అన్న మూడు సంగతులూ పిల్లవాడి తలలోకి ఎక్కేది వీటివల్లే. పైగా అది మీరు నిలబెట్టుకోలేని మాట. "డాక్టరమ్మ నీ పళ్లు లెక్కపెడుతుంది, చిన్న అద్దం పెట్టి చూస్తుంది, తర్వాత ఏం చేయాలో మనకు చెబుతుంది" అనండి. అంతే చాలు. "సూది వేస్తారా?" అని నేరుగా అడిగితే, "నాకు తెలీదు కన్నా, డాక్టరమ్మనే అడుగుదాం. ఏం చేసినా నీకు చెప్పిన తర్వాతే చేస్తుంది" అనండి. మీ పన్ను పీకించుకున్న కథలు, రూట్ కెనాల్ కష్టాలు బిడ్డ వినేచోట వద్దు. ఇంట్లో పెద్దపిల్లలకూ ఈ మాట గట్టిగా చెప్పి ఉంచండి. తమ్ముణ్ణి ఏడిపించడానికి వాళ్లకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

ముందు రోజు సాయంత్రం ఒక ఆట ఆడించండి. బిడ్డను మీ ఒళ్లో తల పెట్టి పడుకోమనండి. ఫోను టార్చి వేసి, చిన్న స్టీలు చెంచా వెనకవైపు పంటికి ఆనిస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. మూడేళ్లు వచ్చేసరికి పాలపళ్లు మొత్తం 20 ఉంటాయి. రెండు నిమిషాలు చాలు. తర్వాత చెంచా బిడ్డ చేతికిచ్చి మీరు నోరు తెరవండి. ఊపిరి కూడా నేర్పండి. ముక్కుతో మూడు లెక్కపెట్టేదాకా పీల్చడం, ఐదు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలడం. సబ్బు బుడగలు ఊదిస్తే మెల్లగా వదలడం చెప్పకుండానే వస్తుంది. జలుబు చేసి ముక్కు మూసుకుపోయి ఉంటే మాత్రం, అత్యవసరం కానప్పుడు, ఆ రోజు వెళ్లకండి. నోరు తెరిచి ఉంచి, నీళ్లు పడుతుంటే ముక్కుతోనే ఊపిరి తీయాలి. అది ఆడకపోతే ఎంత ధైర్యమున్న పిల్లవాడైనా గిలగిల్లాడిపోతాడు. ఎప్పుడూ నోటితో ఊపిరి తీసే పిల్లలైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య సమయం అడగండి. బడి, ట్యూషన్ అయ్యాక సాయంత్రం ఆరింటికి తీసుకెళితే అలసిన బిడ్డకు ఓపిక ఎక్కడుంటుంది? మామూలు వైద్యమైతే గంటన్నర, రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు పెట్టి తీసుకెళ్లండి. కడుపు నిండా తిని వస్తే ఓకరింపు వస్తుంది, ఖాళీ కడుపుతో వస్తే చిరాకు. ఫోను చేసినప్పుడే "మా బిడ్డ బెదురుతుంది, మొదటి టోకెన్ ఇవ్వండి" అని అడగండి. బయట బెంచీ మీద గంటసేపు కూర్చుని లోపలి ఏడుపులు వింటే, మీరు ఇంట్లో చేసిన తయారీ అంతా నీళ్లపాలే.

లోపల డాక్టరు చేయాల్సిన పద్ధతికి "చెప్పు, చూపు, చెయ్యి" అని పేరు పెట్టుకోవచ్చు. 1959లో ఆడెల్‌స్టన్ అనే పంటి వైద్యుడు దీన్ని వివరించాడు, ఇప్పటికీ పిల్లల పంటి వైద్యానికి పునాది ఇదే. గాలి పైపును ముందు బిడ్డ అరచేతి మీద ఊదాలి. పళ్లు తోమే చిన్న బ్రష్షును గోరు మీద తిప్పి చూపాలి, తర్వాత ముందు పంటి మీద, ఆ తర్వాతే వెనక పంటి మీద. డ్రిల్లింగ్ మిషన్ నిమిషానికి 3 లక్షల సార్లకు పైగా తిరుగుతుంది. పిల్లల్ని బెదరగొట్టేది చాలావరకు దాని కీచుమనే శబ్దమే. అందుకే నోటికి దూరంగా పెట్టి ఒకసారి ఆన్ చేసి వినిపించాలి. చూపించిన వెంటనే పని మొదలుపెట్టాలి. మధ్యలో ఫోనుకు లేచి వెళితే ఆ ఖాళీలోకి భయం వచ్చి కూర్చుంటుంది. సూదిని మాత్రం ఈ పద్ధతిలో చూపించరు.

రెండోది, ఆపమనే గుర్తు. "ఎడమ చెయ్యి ఎత్తితే నేను ఆపేస్తాను" అని డాక్టరు బిడ్డతో ఒప్పందం చేసుకోవాలి. పిల్లలు తప్పకుండా ఒకటి రెండుసార్లు ఊరికే ఎత్తి చూస్తారు, నిజంగా ఆపుతారా లేదా అని. ఆ రెండుసార్లూ వెంటనే ఆపితే, తర్వాత చెయ్యి ఎత్తడమే తగ్గిపోతుంది. "ఇంకొక్క నిమిషం" అని ఒక్కసారి లాగించినా ఆ ఒప్పందం తెగిపోయినట్టే. పది లెక్కపెట్టి ఆపుతానన్నవాళ్లు పది దగ్గర ఆపాల్సిందే.

తిరుమల కల్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మనం ఏం చేస్తాం? ముందు నాన్న కూర్చుని గుండు చేయించుకుంటాడు, బిడ్డ చూస్తుంది. తర్వాత మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. పంటి కుర్చీ దగ్గరా అదే దారి. భయపడని అన్నో అక్కో ముందు పళ్లు చూపించుకుంటే చిన్నవాళ్లకు సగం ధైర్యం వస్తుంది. పళ్లు చూసి శుభ్రం చేయించుకునేటప్పుడే సుమా, పన్ను తీయించుకునేటప్పుడు కాదు. మూడేళ్లలోపు బిడ్డకు కుర్చీ అవసరమే లేదు. అమ్మ, డాక్టరు మోకాళ్లు ఆనేలా ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ అమ్మ వైపు తిరిగి నడుముకు అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చుంటుంది. అలాగే వెనక్కి వాల్చి తలను డాక్టరు ఒళ్లో పెడతారు. చేతులు అమ్మ పట్టుకుంటుంది, బిడ్డకు అమ్మ ముఖం కనబడుతూనే ఉంటుంది. ఆ వయసులో ఏడుపు సహజం, నొప్పి పుట్టిందని అర్థం కాదు. నోరు చూడటం రెండు నిమిషాల్లో అయిపోతుంది.

పెద్ద పిల్లలతో ఒక్కరే లోపలికి వెళ్లండి. మనవాళ్లు అవ్వ, తాత, పిన్నితో సహా వస్తారు, అందరూ ఒకేసారి ధైర్యం చెబుతారు. నలుగురు మాట్లాడితే బిడ్డ ఒక్కరి మాటా వినదు. డాక్టరు గొంతు ఒక్కటే వినబడాలి. మీరు కాలి మీద చేయి వేసి ఊరుకోండి, మీ ఊపిరి మెల్లగా ఉండేలా చూసుకోండి.

సూది తప్పనప్పుడు నొప్పి తగ్గించే దారులున్నాయి. చిగురును దూదితో తుడిచి, తిమ్మిరెక్కించే జెల్ రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. ఆగకపోతే జెల్ రాసీ లాభం లేదు. తర్వాత మందును చాలా మెల్లగా, 1 మిల్లీలీటరుకు ఒక నిమిషం చొప్పున ఎక్కించాలి. బెంజోకైన్ అనే తిమ్మిరి మందు ఉన్న జెల్‌ను 2 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదు, రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గిపోయే ప్రమాదం ఉంది. పళ్లు వస్తున్నాయని మందుల షాపులో అడిగి తెచ్చి రాసేవాళ్లు ట్యూబు మీద పేరు చదవండి.

మందు మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. లిగ్నోకైన్ అనే మత్తుమందు అయితే కిలోకు 4.4 మిల్లీగ్రాములు దాటకూడదు. 15 కిలోల బిడ్డకు 66 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందు సుమారు 3.3 మిల్లీలీటర్లు. అందుకే బరువు తూచుకుని వెళ్లండి. మదనపల్లె నుంచో శ్రీకాళహస్తి నుంచో బస్సెక్కి వచ్చినవాళ్లు "మళ్లీ రాలేం సార్, అన్ని పళ్లూ ఈ రోజే చేసేయండి" అంటారు. ఆ కష్టం అర్థమవుతుంది. కానీ మోతాదుకు హద్దుంది, పసివాళ్ల ఓపికకు అరగంటే హద్దు. కింది దవడ రెండువైపులా ఒకేసారి మొద్దుబారితే పెదవి, నాలుక కొరుక్కోవడం ఇంకా ఎక్కువవుతుంది.

చెంప తిమ్మిరెక్కడాన్ని చాలామంది పిల్లలు నొప్పి అనుకుని ఏడుస్తారు. చెంప లావెక్కినట్టు అనిపిస్తుందని ముందే చెప్పి, అద్దంలో మామూలుగానే ఉందని చూపించాలి. ఆ తిమ్మిరి రెండు మూడు గంటలు ఉంటుంది. అంతసేపూ నమలనివ్వకండి, వేడిసాంబారు లాంటివి పెట్టకండి, పెదవి కొరుక్కోకుండా పక్కనే కూర్చోండి. కొరుక్కుంటే మర్నాటికి పెదవి వాచి తెల్లటి పొర కడుతుంది. చీము అనుకుని కంగారు పడతారు. అది గాయం మానే పొర, చాలావరకు వారం పది రోజుల్లో తగ్గిపోతుంది.

పని అయ్యాక "నోరు అంతసేపు తెరిచి పట్టుకున్నావే" అని చేసినదాన్ని పేరుపెట్టి మెచ్చుకోండి. "ఏడవకపోతే ఐస్‌క్రీమ్ కొనిస్తా" అని ముందే ఆశపెడితే, అక్కడ ఏడిపించే పనేదో ఉందని మీరే చెప్పినట్టు. ఇంటికొచ్చాక బిడ్డ వినేలా "ఎంత గోల చేశాడో" అని చుట్టాలకు చెప్పకండి. తర్వాతిసారికి బిడ్డ గుర్తుంచుకునేది ఆ మాటనే.

ఎంత చేసినా కుదరకపోతే, తొందర లేని వైద్యాన్ని ఆపేయడమే మంచిది. నోరు చేత్తో మూసి లొంగదీసే పాత పద్ధతిని అమెరికా పిల్లల పంటి వైద్యుల సంఘం 2006లో తన మార్గదర్శకాల నుంచి తీసేసింది. ఎవరైనా బలవంతం చేస్తుంటే "ఆపండి" అనే హక్కు మీకుంది. 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క పూస్తే మిషన్ లేకుండానే చాలా పుచ్చులు ఆగుతాయి. పుచ్చిన చోటు శాశ్వతంగా నల్లబడుతుంది, వెనక పళ్లకైతే అది పెద్ద సమస్య కాదు. ముక్కు మీద మాస్కు పెట్టి ఇచ్చే లాఫింగ్ గ్యాస్‌తో బిడ్డ మెలకువగానే ఉంటుంది, బెదురు తగ్గుతుంది. చాలా పళ్లు పుచ్చిన పసివాళ్లకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు కొన్నిసార్లు పూర్తి మత్తు అవసరమవుతుంది. అప్పుడు అన్నం, టిఫిను, ఆవుపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపేయాలి. "ఒక్క బిస్కెట్టే కదా" అని దాచిపెట్టకండి. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

వాయిదా వేయకూడని సందర్భమూ ఉంది. పంటి నొప్పితో పాటు జ్వరం వచ్చి, వాపు కంటి దాకానో దవడ కిందికో పాకితే, మింగడం కష్టమైతే, నోరు తెరవలేకపోతే బిడ్డ భయం తగ్గేదాకా ఆగొద్దు. రాత్రయినా సరే, రుయా లాంటి పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. దారిలో ఎక్కడికి వెళుతున్నారో, ఎందుకు వెళుతున్నారో బిడ్డకు చెబుతూ వెళ్లండి.

నమస్కారం.