ఓకే అంటే ఒప్పుకున్నట్టేనా?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా పలకరించాలనే ఉంది. కానీ పేర్లు చదవడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. అందరికీ కలిపి ఒకటే నమస్కారం, పంచుకోండి. నన్ను పరిచయం చేసినవారు భాషావేత్త అన్నారు. కాదండీ. నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఎదుటివాళ్ల రాతలో తప్పులు వెతకడమే నా బతుకుదెరువు.

ఇచ్చిన అంశం 'ఓకే: అర్థం, వాడుక, పుట్టుక'. పుట్టుక గబగబా చెప్పేస్తాను, నా గొడవ వేరే ఉంది.

1838 ప్రాంతంలో అమెరికాలోని బోస్టన్ పత్రికలవాళ్లకు ఒక సరదా పట్టుకుంది. మాటలను పొడి అక్షరాల్లోకి కుదించడం. అది చాలదన్నట్టు, ముందు కావాలని స్పెల్లింగ్ తప్పు రాసి, ఆ తప్పులోంచి పొడి అక్షరాలు తీయడం. 'ఆల్ రైట్'ను అలా చెడగొట్టి ఓడబ్ల్యూ అన్నారు. ఇంగ్లీషులో ఏ, సీలతో మొదలవ్వాల్సిన 'ఆల్ కరెక్ట్'ను ఓ, కేలతో 'ఓల్ కొరెక్ట్' చేసి ఓకే అన్నారు. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో ఒక వెటకారపు రాతలో ఇది అచ్చయింది, పక్కనే అర్థంతో సహా. ఒక్క క్షణం ఆగి నా బాధ అర్థం చేసుకోండి. 'అంతా సరిగ్గా ఉంది' అని చెప్పే మాట, అందులో ఉన్నవి రెండే అక్షరాలు, ఆ రెండూ తప్పే! ప్రూఫ్‌రీడర్‌కి ఇంతకంటే అవమానం ఉంటుందా?

ఆ సరదాలో పుట్టిన మిగతావి దాదాపు అన్నీ పోయాయి. ఇది బతకడానికి కారణం ఎన్నికలు. 1840లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీ చేశాడు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. 'ఓల్డ్ కిండర్‌హుక్' అనే ముద్దుపేరు ఓకే అయింది, న్యూయార్క్‌లో ఆయన మనుషులు ఓకే క్లబ్ పెట్టారు. ఎదుటి పార్టీవాళ్లు ఊరుకుంటారా? అంతకుముందు అధ్యక్షుడిగా చేసిన ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగ్ రాదు, కాగితాల మీద 'ఓకే' అని రాసేవాడు, అక్కణ్ణుంచే వచ్చిందీ మాట అని కథ కట్టారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు. మాట గెలిచింది. కథ కూడా గెలిచింది, అదే బాధ. చాలా ఏళ్లు జనం దాన్ని నిజమనే నమ్మారు.

ఇంకా ఎన్ని కథలో! చొక్టా అనే అమెరికా ఆదివాసీల భాష నుంచి వచ్చిందన్నారు. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ అది నమ్మి, చివర హెచ్ చేర్చి 'ఓకెహ్' అని రాసేవాడు. గ్రీకులో 'ఓలా కలా' అంటే అన్నీ బాగున్నాయి అని, కాబట్టి గ్రీకే అన్నారు. స్కాట్లాండ్ వాళ్ల 'ఓఖ్ ఐ' అన్నారు. బిస్కెట్లు చేసినవాడి పేరు అన్నారు. యుద్ధంలో 'జీరో కిల్డ్' అన్నారు. ఈ చివరిది ఇప్పటికీ నెలకోసారి నా ఫోన్‌కి వస్తుంది. పంపేవాళ్లలో మీరూ ఉంటే దయచేసి మానండి. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆలెన్ వాకర్ రీడ్ అనే ఆచార్యుడు పాత పత్రికలన్నీ తిరగేసి, 1963, 64లలో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో వరుసగా వ్యాసాలు రాసి బోస్టన్ సంగతి తేల్చాడు. జాక్సన్ కథ ఎన్నికల కల్పన అని కూడా ఆయనే చూపించాడు.

సరే, పుట్టుక అయింది. అసలు విషయానికి వస్తాను.

ఒక రచయిత పుస్తకం నా దగ్గరికి వచ్చింది. పేరు చెప్పను. అంకితం పేజీలో వాళ్ల అమ్మగారి పేరు దీర్ఘంతో ఉంది, ముందుమాటలో దీర్ఘం లేకుండా ఉంది. ఎవరైనా ఏం చేస్తారు? అడుగుతారు. నేనూ అడిగాను. 'అయ్యా, దీర్ఘం ఉంచమంటారా, తీసేయమంటారా?' జవాబు వచ్చింది: 'ఓకే.' మళ్లీ అడిగాను. 'ఉంచాలా సర్, తీసేయాలా?' 'ఓకే ఓకే.' ఫోన్ చేశాను. 'చెప్పాను కదండీ, ఓకే అని' అని పెట్టేశారు. అంకితం పేజీలో ఉన్నదే ఖాయమనుకోక ఏం చేస్తాం? దీర్ఘంతో అచ్చయింది. ఆవిష్కరణ రోజున నలుగురి ముందు నన్ను నిలబెట్టి, 'మా అమ్మ పేరే తప్పు వేశారు, ఒక్క మాట అడగొద్దా?' అన్నారాయన. అడగొద్దా అట!

మీరు నవ్వుతున్నారు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

ఈ మాటతో చిక్కు ఎక్కడుందో చూడండి. 'విన్నాను' అన్నా ఓకే. 'ఒప్పుకున్నాను' అన్నా ఓకే. 'ఇక ఫోన్ పెట్టేయ్' అన్నా ఓకే. సినిమా ఎలా ఉందంటే 'ఓకే', అంటే అంత బాగా లేదని. ఇన్నిటికీ ఒకే మాట సరిపోతోందంటే, ఎదుటివాడు అందులో తనకు కావలసింది వినేస్తాడు.

అచ్చుతప్పుతో పోయిన చోట పరవాలేదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో ప్రాణాలు పోయాయి. విమానాశ్రయం మీద దట్టమైన పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు జంబో జెట్‌లు, ఒకటి డచ్ సంస్థ కేఎల్ఎమ్‌ది, ఒకటి అమెరికా సంస్థ పాన్ యామ్‌ది. ఎవరికీ ఎవరూ కనిపించరు. కేఎల్ఎమ్ విమానం అనుమతి రాకుండానే కదిలింది. కో-పైలట్ రేడియోలో 'మేమిప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం' అన్నట్టుగా ఏదో చెప్పాడు. విమానాశ్రయ టవర్‌లోని కంట్రోలర్ 'ఓకే' అన్నాడు. క్షణం ఆగి 'టేకాఫ్‌కి సిద్ధంగా ఆగండి, నేను పిలుస్తాను' అన్నాడు. సరిగ్గా అదే సమయంలో పాన్ యామ్ వాళ్లు 'మేమింకా రన్‌వే మీదే ఉన్నాం' అని చెబుతున్నారు. రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడి కీచుమనే శబ్దం అయింది. కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో స్పష్టంగా వినపడింది 'ఓకే' ఒక్కటే. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అంత పెద్ద ప్రమాదం మరొకటి లేదు. కారణం ఒక్క ఓకే అని నేననను. పొగమంచు ఉంది, తొందర ఉంది, కెప్టెన్‌ని గట్టిగా ఆపలేని బెరుకు ఉంది. కానీ ఆ మాట ఉంది చూశారూ, అది ఆగమనలేదు, వెళ్లమనలేదు.

ఆ తర్వాత విమానాల రేడియో భాషను బాగా బిగించారు. అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప 'టేకాఫ్' అనే మాటే ఎత్తకూడదు. ముఖ్యమైన ఆదేశాన్ని విన్నది విన్నట్టు తిరిగి పలకాలి, ఊరికే సరే అంటే కుదరదు. వాళ్ల మాటలు ఎంత శుభ్రంగా ఉంటాయో చూడండి. 'రోజర్' అంటే విన్నాను, అంతే. 'విల్కో' అంటే విన్నాను, అలాగే చేస్తాను. 'అఫర్మ్' అంటే అవును. మనం ఒక్క మాటలో కుక్కేసినదాన్ని మూడుగా విడదీశారు.

కంప్యూటర్ తెర మీద ఓకే మీట సంగతి కూడా చెప్పాలి, అధ్యక్షులవారు చెయ్యి ఊపుతున్నా సరే. యాపిల్ వాళ్లు లీసా అనే కంప్యూటర్ తయారుచేసేటప్పుడు ఆ మీట మీద మొదట 'డూ ఇట్' అని ఉండేదట. వాడి చూడమని కూర్చోబెట్టిన ఒకాయన దాన్ని 'డోల్ట్' అని చదువుకుని చిన్నబుచ్చుకున్నాడట. డోల్ట్ అంటే మొద్దు. పెద్ద ఐ, చిన్న ఎల్ ఒకేలా కనిపించడం వల్ల వచ్చిన గొడవ. అందుకని ఓకే పెట్టారు. ఇవాళ నిబంధనలు పేజీలకు పేజీలు వస్తాయి, కింద ఆ మీట ఉంటుంది, నొక్కుతాం. చదివామనా, ఒప్పుకున్నామనా? మీలో చదివి నొక్కేవాళ్లు చేతులెత్తండి. ఒక్కరూ లేరా?

నేను మాత్రం ప్రశ్న వేసే తీరు మార్చుకున్నాను. ఇప్పుడు ఏ రచయితకైనా 'దీర్ఘం ఉంచాలంటే ఒకటి అని, తీసేయాలంటే రెండు అని అంకె రాసి పంపండి' అని పెడుతున్నాను. దానికి ఓకే అని ఎవరూ అనలేరనుకున్నాను. మొన్న ఒకాయన బొటనవేలి బొమ్మ పంపారు.

ఆయన పుస్తకం ఇంకా నా బల్ల మీదే ఉంది. అంకె వచ్చేదాకా ప్రెస్సుకి వెళ్లదు. ఇక ప్రశ్నలుంటే అడగండి.