మిల్డ్రెడ్ గురించి మాట్లాడాలి
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల్ని పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన టైమ్ అయిపోతుంది, మన్నించాలి. పుస్తకాల భవిష్యత్తు మీద మాట్లాడమన్నారు. నేను ఒక్క నవల గురించే చెబుతాను. రే బ్రాడ్‌బరీ రాసిన 'ఫారెన్‌హీట్ 451'. 1953లో వచ్చింది.

రాబోయే కాలపు అమెరికా కథ. ఇళ్లకు నిప్పంటుకోని రోజులు. ఫైర్‌మన్లకు ఆర్పే పని పోయింది. ఎవరింట్లో పుస్తకాలున్నాయని తెలిస్తే వెళ్లి తగలబెట్టడమే వాళ్ల ఉద్యోగం. మోంటాగ్ అలాంటి ఫైర్‌మన్. ఒక ముసలావిడ పుస్తకాల్ని వదిలి రానంటుంది. తనే అగ్గిపుల్ల గీసి వాటితోపాటు కాలిపోతుంది. అప్పట్నుంచి మోంటాగ్‌కి మనశ్శాంతి లేదు.

ఈ నవల అనగానే అందరూ ఆ మంట గురించే మాట్లాడతారు. 1933లో బెర్లిన్‌లో నాజీలు కాల్చిన పుస్తకాలూ గుర్తుకొస్తాయి. నిజమే. కానీ నన్ను వదలనిది మిల్డ్రెడ్, మోంటాగ్ భార్య.

హాల్లో మూడు గోడలకూ గోడంత టీవీలు. నాలుగోది కూడా పెట్టిద్దామంటుంది. దాని ఖరీదు రెండు వేల డాలర్లు, భర్త ఏడాది జీతంలో మూడో వంతు! ఆ తెరల మీద మనుషులే ఆమెకు కుటుంబం. రాత్రంతా చెవుల్లో చిన్న రేడియోలు. ఒక రాత్రి సీసాడు నిద్రమాత్రలు మింగుతుంది. డాక్టరు రాడు. ఇద్దరు పనివాళ్లు మిషన్లతో వచ్చి కడుపు కడిగి, రక్తం మార్చి వెళ్లిపోతారు. ఇలాంటివి రాత్రికి తొమ్మిదో పదో చూస్తామంటారు. తెల్లారాక ఆమెకు అదేం గుర్తుండదు. మనం మొదట ఎక్కడ కలిశామని మోంటాగ్ అడిగితే చెప్పలేకపోతుంది. అతనికీ గుర్తు లేదు!

చివరికి భర్త దగ్గర పుస్తకాలున్నాయని ఫిర్యాదు చేసేది ఆవిడే కాబట్టి చదివినవాళ్లు తిట్టుకుంటారు. నాకు కోపం రాదండీ. ఆ ఇంట్లో ఆమెతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడిన మనిషేడీ?

ఫేబర్ అనే ముసలి ప్రొఫెసర్ అంటాడు: ఫైర్‌మన్ల అవసరం పెద్దగా లేదు, జనమే చదవడం మానేశారు అని. ఈ నవలకే ఏమైందో చూడండి. 1967లో స్కూలు పిల్లల కోసమని పబ్లిషరే డెబ్బై అయిదు చోట్ల మార్చి అచ్చేశాడు. ఏ సర్కారూ ఆర్డరు వేయలేదు. రచయితకే చాలా ఏళ్లు తెలియదు. తేడా పట్టుకుని ఆయనకు ఉత్తరాలు రాసింది విద్యార్థులు. వెనక కూర్చున్న ఇంటర్ పిల్లలూ, వింటున్నారా? విద్యార్థులు!

ఇప్పుడు నా బాధ చెబుతాను. నేను చదువుకున్న ఒక గ్రంథాలయంలో పుస్తకాల్ని తూకానికి అమ్మేశారు. చిరిగినవీ బాగున్నవీ కలిపి ఆటోలో పడేశారు. పాఠకుల్ని ఎవరూ అడగలేదు. ఇదేమిటని ఊళ్లోనూ ఎవరూ అడగలేదు. ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నది మనమే కదా!

కార్యదర్శి గారూ, ఇక్కడ ఏ పుస్తకం తీసేయాలన్నా ముందు ఆ జాబితా నోటీసు బోర్డు మీద పెట్టించండి. పదిహేను రోజులు ఉంచండి. కావలసినవాళ్లు వచ్చి తీసుకుంటారు. పెడతామని ఇప్పుడే, ఈ మైకులోనే చెప్పండి. నేను పక్కకి జరుగుతున్నాను.