పిల్లవాణ్ని ఎదురుగా చూసిన మనిషి మాటకే విలువ తక్కువ: ఎర్లీ అడ్మిషన్లలో అలమ్నై ఇంటర్వ్యూ కథ

నమస్కారం అండి. నవంబర్ 1 దాటిందంటే అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో ఒక కొత్త టెన్షన్ మొదలవుతుంది. పన్నెండో తరగతి పిల్లలు హార్వర్డ్‌కో, యేల్‌కో, ఎంఐటీకో ఎర్లీలో అప్లై చేసి ఉంటారు. "మావాడికి ఇంటర్వ్యూ మెయిల్ రాలేదండీ, పక్కింటి అమ్మాయికి వచ్చేసిందట. ఇక మనకు లేనట్టేనా?" ఎడిసన్‌లో అడుగుతారు, ఫ్రిస్కోలో అడుగుతారు, ఈ మధ్య హైదరాబాద్ నుంచీ అడుగుతున్నారు.

లేనట్టేం కాదు. ఎందుకో చెబుతాను.

ఎర్లీ అంటే ఏంటో ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తా. మామూలుగా గడువు జనవరి మొదట్లో, ఫలితం మార్చి చివర్లో. ఎర్లీలో వేస్తే చాలా పెద్ద కాలేజీల్లో గడువు నవంబర్ 1, డిసెంబర్ మధ్యకల్లా ఫలితం. ఎర్లీ డెసిషన్ అయితే సీటు వస్తే చేరాల్సిందే. ఎర్లీ యాక్షన్‌లో ఆ కట్టుబాటు ఉండదు. ఈ ఆరేడు వారాల మధ్యలోనే ఆ కాలేజీలో ఎప్పుడో చదువుకున్న ఒకాయన (ఇలాంటి పూర్వ విద్యార్థులనే అలమ్నై అంటారు), మీ ఊళ్లో డాక్టరో లాయరో అయి ఉంటాడు, మీ పిల్లవాడికి మెయిల్ పెట్టి కాసేపు మాట్లాడుకుందాం రమ్మంటాడు. కాఫీ షాపులోనో, లైబ్రరీలోనో. 2020 తర్వాత ఎక్కువగా జూమ్‌లో.

ఈయన జీతం తీసుకునే ఉద్యోగి కాదు, వాలంటీర్. చాలా కాలేజీలు ఆయనకు మార్కులు చూపించవు, ఎస్సేలు చూపించవు. పేరు, స్కూలు, ఏం చదవాలనుకుంటున్నాడు, అంతవరకే. మాట్లాడాక ఒక రిపోర్టు రాసి పంపుతాడు. అక్కడితో ఆయన పని అయిపోయింది. నిర్ణయంలో ఆయనకు ఓటు లేదు.

మెయిల్ వస్తుందా రాదా అన్నది చాలావరకు మీ ప్రాంతంలో ఎంతమంది వాలంటీర్లు ఉన్నారన్నదాని మీద ఆధారపడుతుంది. యేల్ అయితే, ఎవరి గురించి కమిటీకి ఇంకాస్త తెలియాలో వాళ్లకే ముందు ఇంటర్వ్యూ ఇస్తామని బాహాటంగానే చెబుతుంది. కాబట్టి రాకపోతే ఏడవక్కర్లేదు, వస్తే స్వీట్లు పంచక్కర్లేదు. జార్జ్‌టౌన్ మాత్రం వేరు. మీ దగ్గర్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఉంటే అక్కడ అది తప్పనిసరి.

మరి దాని బరువు ఎంత? హార్వర్డ్‌లో 2028 బ్యాచ్‌కి, అంటే 2028లో డిగ్రీ పూర్తిచేసేవాళ్లకి, ఎర్లీలో 7,921 మంది వేస్తే 692 మందికి సీటు వచ్చింది. ఆ 7,921 మందిలో చాలామంది చక్కగా మాట్లాడగలిగే పిల్లలే. అందరికీ "చాలా బాగున్నాడు" అని రిపోర్టు వెళ్తే ఆ మాటతో ఎవరు మాత్రం ఏం తేల్చగలరు? మంచి రిపోర్టు అప్లికేషన్లో ఉన్నదానికి ఊ కొడుతుంది. చెడ్డ రిపోర్టు, అంటే పొగరుగా మాట్లాడటం, చేయని పని చేశానని చెప్పడం, అది మాత్రం కనబడుతుంది.

ఇక్కడే నాకు బాగా ఆసక్తి కలిగించిన సంగతి ఉంది. ఆసియా మూలాల పిల్లలకు అన్యాయం జరుగుతోందని హార్వర్డ్ మీద వేసిన కేసు 2018లో బోస్టన్ కోర్టులో విచారణకు వచ్చింది. అప్పుడు లోపలి లెక్కలు కొన్ని బయటపడ్డాయి. అడ్మిషన్ ఆఫీసు ప్రతి విద్యార్థికీ 'పర్సనల్ రేటింగ్' ఇస్తుంది. మంచితనం, ధైర్యం, కలుపుగోలుతనం లాంటివి చూసి వేసే మార్కు. అందులో ఆసియా మూలాల పిల్లలకు తెల్లవాళ్ల కంటే తక్కువ పడింది. అదే పిల్లలతో ఎదురుగా కూర్చుని మాట్లాడిన అలమ్నై మాత్రం ఇద్దరికీ దాదాపు సమానంగానే వేశారు. మాకు టీచర్ల ఉత్తరాలు, ఎస్సేలు అన్నీ కనబడతాయి, వాళ్లకు ఒక్క సంభాషణే కదా అని హార్వర్డ్ జవాబు. 2019లో జడ్జి హార్వర్డ్ వైపే తీర్పిచ్చారు. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసి, అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడమే చెల్లదంది. తీర్పుల సంగతి పక్కన పెట్టండి. మనిషిని చూడనివాళ్లు కలుపుగోలుతనానికి మార్కులేయడం, చూసినవాళ్ల మాట పక్కకు పోవడం నాకైతే మింగుడు పడలేదు.

అలాగని ఇంటర్వ్యూని నెత్తిన పెట్టుకోమనడం లేదు. దాని వెనక చరిత్ర కూడా మరీ గొప్పదేం కాదు. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ యూదు విద్యార్థులను నూటికి పదిహేను మందికి పరిమితం చేయాలని చూశాడు. అధ్యాపకులు ఒప్పుకోలేదు. తర్వాత కొన్నేళ్లకే, అదే పని వేరే దారిలో చేయడానికి, 'క్యారెక్టర్' చూస్తాం, ఫొటో పంపండి అనే పద్ధతి వచ్చింది. పెద్ద కాలేజీల్లో మనిషిని పిలిచి చూసే అలవాటు బలపడింది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు కొన్ని కాలేజీలు దీన్ని వదిలేస్తున్నాయి. కొలంబియా 2023లో ఆపేసింది. బ్రౌన్ దీని బదులు చిన్న వీడియో పంపమంటోంది. అందరికీ ఇంటర్వ్యూ దొరకదు కాబట్టి ఇదే న్యాయం అంటారు. సరే, కానీ వీడియోని ముప్పై సార్లు తీసుకోవచ్చు, కోచింగ్ వాళ్లతో దిద్దించుకోవచ్చు. కాఫీ షాపులో రీటేక్ ఉండదు. మిగతా కాలేజీలు ఎందుకు కొనసాగిస్తున్నాయంటారా? నా అంచనా, పిల్లల కోసం కంటే పూర్వ విద్యార్థులు కాలేజీని మర్చిపోకుండా ఉండటం కోసమే ఎక్కువ.

అందుకని ఇంటర్వ్యూ ప్యాకేజీలకు డబ్బు పోయకండి. బట్టీ పట్టిన జవాబు మొదటి రెండు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. వాళ్ల కాలేజీ రోజుల గురించి పిల్లలు మనస్ఫూర్తిగా అడిగితే ఆ అలమ్నై ఆపకుండా మాట్లాడతారు. ఇక అమ్మానాన్నలు కారులో దింపి వెళ్లిపోండి, పక్క టేబుల్లో కూర్చోవద్దు. జూమ్ అయినా అంతే, తలుపు వెనక నిలబడొద్దు. డిసెంబర్‌లో 'డిఫర్డ్' అని వస్తే అప్లికేషన్ని రెగ్యులర్ రౌండులో మళ్లీ చూస్తారు. అప్పుడు ఆ ఇంటర్వ్యూలో ఏమన్నాడో తవ్వుకుంటూ కూర్చోవడం కంటే, ఈ సెమిస్టర్ మార్కులు పంపించే పని చూసుకోవడం మేలు.