గుంటూరు సూర్యుడు, లైడెన్ చలి

శ్రోతలకు నమస్కారం.

మీ ఇంట్లో ఫ్యాను ఎప్పుడైనా నీరసించిందా? రెగ్యులేటర్ అయిదు మీద పెట్టినా రెక్కలు లెక్కపెట్టుకునేంత నింపాదిగా తిరిగిందా? ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే స్టూలెక్కి, పైన గిన్నెలాంటి మూత కిందికి జరిపి, "కండెన్సర్ పోయిందండీ" అంటాడు. జేబులోంచి ఒక తెల్ల డబ్బీ తీసి బిగిస్తాడు. ఫ్యాను మళ్ళీ గిర్రున తిరుగుతుంది. మీరు నా మాటలు పాత రేడియోలో వింటున్నట్టయితే, స్టేషను కోసం తిప్పిన చక్రం వెనక ఒకదానిలోకి ఒకటి దూరే రేకులుంటాయి చూడండి, అవీ కండెన్సరే. కరెంటుని పట్టి దాచే ఈ వస్తువుల మూలపురుషుడు ఒక గాజు సీసా. దానికి పేరు పెట్టిన ఊరు నెదర్లాండ్స్‌లోని లైడెన్. మనలో కొందరు స్కూల్లో లేడెన్ జార్ అని చదువుకున్నారు, ఆ ఊరే ఇది.

ఆమ్‌స్టర్‌డామ్‌కీ ది హేగ్‌కీ మధ్య, రైన్ నది పాత పాయ ఒడ్డున, కాలవల నడుమ ఉంటుంది. జనాభా లక్షా పాతికవేల పైచిలుకు. మన లెక్కలో చిన్న పట్నమే.

ముందు సీసా సంగతి చెప్తాను. 18వ శతాబ్దంలో కరెంటంటే ఓ వింత. గాజు గోళాన్ని గిరగిరా తిప్పుతూ అరచెయ్యి ఆనిస్తే పుట్టేది, చిటుక్కుమని నిప్పురవ్వ రాల్చేది, అంతలోనే మాయమయ్యేది. పట్టి దాచడం ఎలాగో ఎవరికీ అంతుపట్టలేదు. లైడెన్ విశ్వవిద్యాలయంలో మూసెన్‌బ్రూక్ అనే ప్రొఫెసరుకి నీళ్ళున్న గాజు సీసాలోకి తీగ దించి నింపి చూద్దామనిపించింది. నింపేటప్పుడు సీసాని నేలకీ మనిషికీ తగలకుండా పెట్టాలని అప్పటి శాస్త్రం. క్యునేయస్ అని ఒక వకీలు ఈ ప్రయోగాల మీద సరదా ఉన్నవాడు, ఆ నియమం తెలియనివాడు. సీసాని చేత్తో పట్టుకునే నింపాడు. రెండో చెయ్యి తీగకి తగిలీ తగలగానే దెబ్బ కొట్టింది. చదువుకున్నవాళ్ళు చెయ్యని తప్పు ఈయన చేశాడు కాబట్టి రహస్యం బయటపడింది. ఆ చెయ్యే నేలకి దారి చూపింది మరి.

తరవాత మూసెన్‌బ్రూక్ తానూ చేసి చూశాడు. 1746 జనవరిలో పారిస్‌కి ఉత్తరం రాస్తూ, ఫ్రాన్స్ రాజ్యం మొత్తం ఇస్తామన్నా ఆ దెబ్బ మళ్ళీ తిననన్నాడు. కొన్ని నెలల ముందే అటు పొమెరేనియాలో క్లైస్ట్ అనే చర్చి అధికారికీ ఇదే దెబ్బ తగిలింది, కానీ పేరు లైడెన్‌కి దక్కింది. ఫ్రాన్స్‌లో నొలే అనే ఆయన 180 మంది రాజభటుల్ని చేతులు పట్టించి నిలబెట్టి, సీసా తాకించి, రాజుగారి ఎదుట అందరినీ ఒక్కసారే ఎగిరి గంతేయించాడు. రాజుగారికి వినోదం. భటులేమన్నారో ఎవరూ రాసిపెట్టలేదు.

అంత చిన్న పట్నానికి విశ్వవిద్యాలయం ఎలా వచ్చిందంటారా? ఆకలి వల్ల వచ్చింది.

1574లో నెదర్లాండ్స్ స్పెయిన్ రాజు మీద తిరగబడి ఉంది. మే నెలాఖరులో స్పెయిన్ సైన్యం లైడెన్‌ని చుట్టుముట్టింది. ఫిరంగులు పెద్దగా పేల్చలేదు, దారులు మూసి కూర్చుంది. ఊళ్ళో గింజలు అయిపోయాయి, వెండి అయిపోయింది. ప్రార్థన పుస్తకాల కాగితాలు పొరలుగా అంటించి, అచ్చు కొట్టి, వాటినే నాణేలుగా వాడారు. కబుర్లు పావురాల కాళ్ళకి కట్టి పంపారు. ఆకలికీ మహమ్మారికీ కలిపి దాదాపు ఆరువేల మంది పోయారని అంచనా, అంటే ఊళ్ళో మూడోవంతు. లొంగిపోదామని జనం గోల పెడితే నగర పెద్ద వాన్ డెర్ వెర్ఫ్ తన చెయ్యి చాచి, "కావాలంటే దీన్ని కోసుకు తినండి, తాళాలు మాత్రం ఇవ్వను" అన్నాడని అక్కడ చెప్పుకుంటారు. అన్నాడో లేదో గానీ, ఊరి మధ్య పార్కులో ఆయన విగ్రహం ఉంది.

బయటినుంచి సాయం రావాలంటే నేల మీద దారి లేదు. అందుకని తిరుగుబాటు నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్ నది కట్టలు తెగ్గొట్టించాడు. వాళ్ళ పొలాలు వాళ్ళే ముంచుకున్నారు. ముంపు మీద అడుగు చదునుగా ఉన్న పడవలు వేసుకుని వచ్చారు. తీరా నీరు చాలలేదు, పడవలు బురదలో కూరుకుపోయాయి. గాలి తిరిగి, తుపానొచ్చి, నీరు లేచేసరికి అక్టోబరు వచ్చింది. మన తీరంలో తుపానుకి దణ్ణం పెట్టి పొమ్మంటాం, వాళ్ళు ఆ ఏడు రమ్మని వేడుకున్నారు. అక్టోబరు 2 రాత్రి స్పెయిన్‌వాళ్ళు శిబిరం వదిలి పారిపోయారు. పొద్దున్నే ఒక అనాథ కుర్రాడు ఆ శిబిరంలోకి దూరితే, పొయ్యి దగ్గర దుంపకూర గిన్నె కనిపించిందట. పడవలవాళ్ళు హెర్రింగ్ చేపలూ తెల్ల రొట్టే పంచారు. ఇప్పటికీ ఏటా అక్టోబరు 3న అక్కడ చేపలూ రొట్టే పంచుతారు, ఇంటింటా క్యారట్టూ ఉల్లిపాయా బంగాళాదుంపా మెదిపిన కూర వండుతారు. అయితే 1574లో బంగాళాదుంప వాళ్ళ తిండిలోకి ఇంకా రాలేదు, అది తరవాత చేరింది. పండగ వంటలు ఎక్కడైనా అంతే.

ఓర్చుకున్నందుకు బహుమతిగా 1575 ఫిబ్రవరి 8న విశ్వవిద్యాలయం ఇచ్చారు. పన్ను మాఫీ కావాలా చదువు కావాలా అంటే చదువే కోరారని ఒక ముచ్చట ఉంది. నాకైతే నమ్మకం తక్కువ, పన్ను మాఫీ వద్దనే ఊరుంటుందా?

ఆ తరవాత ఊరి దశ తిరిగింది. 1590లో మొక్కల తోట వేశారు, క్లూసియస్ అనే పండితుడు వచ్చి తురుష్క దేశపు తులిప్ దుంపలు అందులో నాటాడు, 1594లో పూశాయి. అడిగితే ఇవ్వడంలేదని కొందరు రాత్రిళ్ళు దొంగిలించుకుపోయారు. 1606లో ఒక మిల్లరు ఇంట చిత్రకారుడు రెంబ్రాంట్ పుట్టాడు. ఇంగ్లండులో మతం పేరిట వేధింపులు పడలేక వచ్చిన జనం 1609 నుంచి ఇక్కడ తలదాచుకుని మగ్గాల పనీ అదీ చేసుకున్నారు. వాళ్ళలో కొందరు 1620లో మేఫ్లవర్ ఓడెక్కి అమెరికా చేరారు. ఆ ఏడే పద్నాలుగేళ్ళ రెంబ్రాంట్ పేరు విశ్వవిద్యాలయం పట్టీలోకి ఎక్కింది. ఏ కాలవ గట్టునో ఆ కుర్రాడూ వాళ్ళూ ఎదురుపడే ఉంటారు.

ఇక మనవాళ్ళ సంగతి. లైడెన్ విశ్వవిద్యాలయానికి 19వ శతాబ్దంలో కొన్ని రాగిరేకులు చేరాయి. ఇరవై ఒక్క రేకులు, ఒక పెద్ద కడియానికి గుచ్చి, రాజేంద్ర చోళుడి ముద్ర వేసి, ముప్ఫై కిలోల బరువు. నాగపట్నంలో శ్రీవిజయ రాజు కట్టించిన చూడామణి విహారమనే బౌద్ధారామానికి రాజేంద్రుడి తండ్రి రాజరాజ చోళుడు ఒక గ్రామం ఆదాయం ఇచ్చాడని వాటిలో సంస్కృతంలోనూ తమిళంలోనూ ఉంది. సముద్రం అవతలి బౌద్ధ రాజు ఆరామానికి శైవుడైన రాజు గ్రామం ఇచ్చాడన్నమాట. తమిళుల సంగతి మనకెందుకంటారా? ఆ రాజరాజు కూతురు కుందవ్వని మన వేంగి విమలాదిత్యుడికిచ్చి పెళ్ళి చేశారు. వాళ్ళ కొడుకు రాజరాజ నరేంద్రుడు, తాతగారి పేరే పెట్టారు. రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయగారిచేత భారతం తెలుగు చేయించినవాడు. ఆ విహారానికే సంబంధించి మరో మూడు చిన్న రేకులు కూడా లైడెన్ చేరాయి. వాటిని ఇచ్చింది కులోత్తుంగ చోళుడు, మన రాజరాజ నరేంద్రుడి కొడుకే! అంటే నన్నయగారిని పోషించిన రాజుకి అటు తాతగారి రేకులు, ఇటు కొడుకు రేకులు, రెండూ ఓడెక్కి ఒకే ఊరు చేరాయి. డచ్చి కంపెనీ నాగపట్నం ఏలిన రోజుల్లో చేతులు మారి వెళ్ళిన సొత్తు. మన దేశం తిరిగి ఇమ్మని అడిగింది. అడగాల్సిందే. భద్రంగా దాచారన్నది నిజమే, దాచినంత మాత్రాన సొంతమైపోదు.

ఇంకో పోగు కూడా ఉంది, అది మరీ విచిత్రం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. అది చూడ్డానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు ఓడెక్కి, ఎక్కడికి వచ్చాడనుకున్నారు? గుంటూరు. సూర్యుడు పూర్తిగా కప్పుబడ్డాక అంచున ఎగసే మంటల వెలుగుని వర్ణపటదర్శినితో విడగొట్టి చూస్తే మెరుపు గీతలు కనిపించాయి. అదే రోజు మచిలీపట్నంలో మద్రాసు వేధశాల శాస్త్రజ్ఞుడు పాగ్సన్ కూడా చూశాడు. అందులో ఒక పసుప్పచ్చ గీత తెలిసిన సోడియం గీతతో కలవడంలేదు. భూమ్మీద ఎవరూ చూడని పదార్థమది అని తరవాత ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చి, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నాడు. భూమ్మీద అది చేతికి దొరికింది 1895లో.

దొరికిందేగానీ లొంగలేదు. అన్ని వాయువుల్నీ చల్లబరిచి ద్రవం చెయ్యగలిగారు, హీలియం ఒక్కటే మొండికేసింది. దాని అంతు చూసినవాడు లైడెన్ ప్రొఫెసరు కామర్లింగ్ ఓనెస్. కొలిస్తేనే తెలుస్తుందన్నది ఆయన మాట. గాజు ఊదేవాళ్ళకీ పరికరాలు చేసేవాళ్ళకీ బడి పెట్టాడు. నగర పాలకులు మధ్యలో అడ్డుపడ్డారు. వాళ్ళ భయమూ కారణం లేనిది కాదు. 1807లో మందుగుండు పడవ కాలవలోనే పేలి ఊళ్ళో నూట యాభైమంది చచ్చిపోయారు, ఆ పేలుడికి బోడి అయిన జాగాలోనే ఈ ల్యాబు కట్టారు. వాయువుల్ని ఇనప సిలిండర్లలో కుక్కి పెడతానంటే ఎవరు సరేనంటారు? అనుమతి రావడానికి మూడేళ్ళు పట్టింది.

1908 జూలై 10. తెల్లవారుజామున మొదలుపెట్టారు. ముందు ద్రవ గాలి, దాంతో ద్రవ హైడ్రోజన్, దాంతో హీలియం, మెట్టు మెట్టుగా చలిలోకి దిగారు. సాయంత్రం ఏడున్నరకి థర్మామీటరు ఒకచోట నిలిచిపోయింది, గాజుపాత్రలో మాత్రం ఏమీ కనబడదు. చూడ్డానికొచ్చిన కెమిస్ట్రీ ప్రొఫెసరు, "ఒకసారి కిందినుంచి దీపం పెట్టి చూడండి" అన్నాడు. పెట్టారు. ఉంది! అద్దంలో అద్దంలా, అంచు మాత్రం తళుక్కుమంటూ. అరవై మిల్లీలీటర్లు, మన హోటల్లో హాఫ్ టీ అంత. సున్నాకి 269 డిగ్రీలు కింద. గుంటూరు ఎండలో కనిపించిన గీత నలభై ఏళ్ళకి లైడెన్ చలిలో చుక్కగా దిగింది.

మూడేళ్ళకి, 1911లో, ఆ చలిలో పాదరసం తీగ పెట్టి విద్యుత్ నిరోధం కొలిస్తే సున్నా చూపించింది. షార్ట్ సర్క్యూట్ అనుకుని మళ్ళీ మళ్ళీ చూసుకున్నారు. ఏ లోపమూ లేదు, కరెంటుకి అడ్డే పోయింది. దాన్ని సూపర్‌కండక్టివిటీ అన్నారు. 1913లో ఓనెస్‌కి నోబెల్ వచ్చింది. ఆ ల్యాబులో ఇప్పుడు లా చదువుతున్నారు, పరికరాలు ఊళ్ళోనే మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియం బయటి గోడ మీద ఐన్‌స్టీన్ సమీకరణం పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది, ఆయన కూడా 1920 నుంచి అక్కడికి వస్తూ పోతూ పాఠాలు చెప్పాడు లెండి.

మొన్నామధ్య నాకు నడుం నొప్పికి ఎమ్మారై తీయించారు. ఉంగరం, వాచీ తీసిచ్చి గొట్టంలోకి పోయాను. టకటక, ఢమఢమ, చెవుల్లో దూది పెట్టినా రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు ఒకటే మోత. మోత ఆగాక ఇంకో చప్పుడు వినిపించింది, సన్నగా, కిచ్... కిచ్... కిచ్ అని. "అదేమిటి బాబూ, మిషను ఆపలేదా?" అనడిగాను. టెక్నీషియన్ కుర్రాడు బల్ల బయటికి లాగుతూ, "అది ఆగదండీ. లోపల అయస్కాంతం తీగలు హీలియంలో మునిగి ఉంటాయి, అది ఆవిరైపోకుండా రాత్రీ పగలూ చల్లబరుస్తూనే ఉంటుంది" అన్నాడు. ఊరు అడిగాను. గుంటూరేనన్నాడు. చెప్పులేసుకుంటూ అతనికి జాన్సెన్ కథ మొదలుపెట్టాను. సగంలో ఉండగానే తరవాతి పేషెంటుని పిలిచేశారు.

మిగతా సగం మీకు చెప్పాను. సెలవు, నమస్కారం.